ఆవిడ చేసిన ఫోను

"ఒక గంట పడుతుందమ్మా, పెద్ద డాక్టరుగారు వచ్చి ఫిల్ములు చూడాలి, అంతవరకూ అలా కూర్చో" అని చెప్పి ఎక్స్-రే గది అమ్మాయి తలుపేసుకుంది. ఆమె బెంచీ మీద కూర్చుంది. కూర్చోగానే పొత్తికడుపులో నొప్పి ఒకసారి మెలిపెట్టి, నేనింకా వెళ్లలేదని చెప్పి, మెల్లగా సర్దుకుంది. గంట. షాపులో అయితే గంటలో రెండు జతల కళ్లద్దాలు తయారైపోతాయి, అద్దం అరగదీయడం, అంచు నున్న చేయడం, ఫ్రేములో బిగించడం, మెత్తటి గుడ్డతో తుడిచి డబ్బాలో పెట్టడం. ఇక్కడ చేతులకు పనిలేదు. చేతులకు పనిలేనప్పుడే మనసు కాళ్లు సాచుకుంటుంది. లోపల జరిగిందంతా పది నిమిషాలు కూడా కాదు, బల్ల మీద పడుకోబెట్టి, సన్నటి గొట్టంతో గర్భసంచిలోకి రంగుమందు ఎక్కించి, అది అటూ ఇటూ ఉన్న రెండు ట్యూబుల్లోకి పారుతోందా లేదా అని ఫొటోలు తీశారు. పారితే దారి ఉన్నట్టు. పారకపోతే మూసుకుపోయినట్టు. పెళ్లయి ఏడాదిన్నర దాటినా నెల తప్పలేదు గనక, పైగా ఎనిమిది నెలల కిందట ఆ జబ్బుకి మందు వాడారు గనక, ఒకసారి చూసుకోవడం మంచిదని లేడీ డాక్టరు రాసిచ్చింది. "భయపడటానికి కాదు, తెలుసుకోవడానికి" అంది. తెలుసుకోవడం. తెలిసిన కొత్తలో, తెలియకుండా ఎంత హాయిగా ఉండేదాన్నో కదా అని ఏడ్చింది. తరువాత, తెలియకుండా ఇంకొన్నేళ్లు గడిచి ఉంటే ఏమయ్యేదో అని ఏడ్చింది. ఇప్పుడు ఏడుపు రావడం లేదు. ఎదురుగా నీళ్ల కూలరు కింద బకెట్టులో చుక్క పడుతోంది, ఆగుతోంది, పడుతోంది, ఆ చుక్కల మధ్య నుంచి ఒక ఆడగొంతు గుర్తుకొస్తోంది.

ఆ గొంతు వచ్చిన రోజు ఆమె మిషను దగ్గర నిలబడి ఉంది. చేతుల నిండా తడి, ఆ తడికి అద్దం పొడి అంటుకుని తెల్లటి పూత. షాపు ఓనరు పెద్దాయన ఆమెను ఎప్పుడూ "పావు పాయింటూ" అనే పిలుస్తాడు, పవరులో పావు పాయింటు తేడా ఉన్నా అద్దం ఎత్తి చూసి పట్టేస్తుందని. "పావు పాయింటూ, నీ ఫోను మొత్తుకుంటోంది, ఎత్తు, లేకపోతే నోరు నొక్కు" అన్నాడు. భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుంది. "మీరు నన్ను ఎరగరు" అంది అవతలావిడ. తరువాత ఒక మగవాడి పేరు చెప్పింది. పెళ్లికి ముందు ఏడాదిపాటు ఈమె నమ్మినవాడి పేరది. లెన్సుల కంపెనీ నుంచి శాంపిళ్ల పెట్టె మోసుకొచ్చేవాడు, తెగ నవ్వించేవాడు, ఇంట్లోవాళ్లు చూసిన సంబంధం ఖాయమైందని ఒకరోజు నేలచూపులు చూస్తూ చెప్పి, వేరే ఊరికి మార్పించుకుని వెళ్లిపోయాడు. అతను వెళ్లిన ఏడు నెలలకి ఈమెకూ పెళ్లయింది. "నేను ఆయన భార్యని" అంది గొంతు. "రాంగ్ నంబరండీ" అని ఈమె పెట్టేసింది. నిమిషం తిరక్కుండా మళ్లీ మోగింది. ఈసారి అవతలావిడ ఆగలేదు, సందివ్వలేదు, పిల్లలకు డిక్టేషన్ చెప్పే టీచరులా ఒక్కో మాటా రెండేసి సార్లు చెప్పుకుపోయింది. నిజంగా టీచరేనని అప్పటికి తెలియదు. "మిమ్మల్ని తిట్టడానికి చేయలేదు. తిట్టడానికి చేయలేదు. నాకు మూడో నెల. పరీక్షల్లో క్లమీడియా అని వచ్చింది. క్లమీడియా. ఆయనకూ ఉంది. ఇద్దరం మందులు వాడాం. అది ఉన్నట్టు మనిషికి తెలియనివ్వదట. నొప్పీ ఉండదు, జ్వరమూ ఉండదు, నెలలకు నెలలు, ఒక్కోసారి ఏళ్లు, ఊరికే ఉండిపోతుందట. మీకూ ఉండొచ్చు. ఉండొచ్చు. పరీక్ష చేయించుకోండి, పెళ్లయితే మీ ఆయనకూ చేయించండి." ఆగింది. "విన్నారా?" అంది. ఈమె "ఊఁ" అంది. అంతే. మిషను తిరుగుతూనే ఉంది, చేతిలో అద్దం ఒక పక్కంతా అరిగిపోయి దేనికీ పనికిరాకుండా పోయింది, పెద్దాయన ఆ అద్దాన్ని చూశాడు, ఆమె మొహం చూశాడు, "ఇంటికెళ్లమ్మా" అన్నాడు, ఎందుకని అడగలేదు. ఆయన అడగకపోవడం కూడా ఒక మేలే అని ఇప్పుడనిపిస్తోంది.

క్లమీడియా. వినడానికి పూలమొక్క పేరులా ఉంది, కుండీలో పెట్టి వారానికి రెండుసార్లు నీళ్లు పోసుకునేదేదో అన్నట్టు. ఆ రోజు ఇంటికి నడుస్తూ దారి పొడవునా ఆవిడను తిట్టుకుంది. నీ కాపురం నువ్వు చక్కబెట్టుకోక నా కొంపలో నిప్పులెందుకు పోస్తావ్ తల్లీ అని. నీ కడుపు నీకు పండింది, నా పాత గోతులు తవ్వడం నీకెందుకని. రెండు వీధులు దాటేసరికి తిట్లు అయిపోయాయి. తిట్లు అయిపోయాక మిగిలింది ఒకటే అనుమానం, ఆవిడకేం లాభం? మొగుడి పాత స్నేహం సంగతి విన్నాక ఏ ఆడదైనా ఆ నంబరు చించి పారేస్తుంది, లేదా తిట్టడానికి చేస్తుంది. ఈవిడ మందు వాడమని చెప్పడానికి చేసింది. ఒకసారి మొహం మీదే ఫోను పెట్టేసినా మళ్లీ చేసింది. అసలు ఆవిడ తనకేమవుతుంది? సవతి అందామంటే ఇద్దరూ ఒకే కాలంలో లేరు. అక్క అందామంటే నోరు రాదు. తోటికోడలికి మాటుంది, వియ్యపురాలికి మాటుంది, వేలు విడిచిన మేనత్తకి కూడా మాటుంది, ఒకే మనిషిని ఒకరి తరువాత ఒకరు నమ్మిన ఇద్దరు ఆడవాళ్లకు మాత్రం మాట లేదు. నంబరు దాచుకుంటూ పేరు దగ్గర ఏం రాయాలో తెలియక "ఆవిడ" అని రాసుకుంది.

నొప్పి మళ్లీ వచ్చింది, ఈసారి కాస్త తగ్గి. నీళ్లు తాగింది. నీళ్లంటే నర్సు గుర్తొచ్చింది. ఆ ఫోను తరువాత పరీక్షకి వెళ్లిన క్లినిక్కులో నర్సు పొట్టిగా, గట్టిగా, పిల్లల్ని ఆరుగురిని కన్నదానిలా ఉండేది. పత్తిపుల్లతో నమూనా ఎలా తీసుకోవాలో చెప్పి పంపింది, మూడు రోజులకు ఫలితం వచ్చింది, ఉంది. ఆ మూడు రోజులూ ఆమె ఇంట్లో తన తువ్వాలు వేరు పెట్టుకుంది, గ్లాసు వేరు పెట్టుకుంది, బాత్‌రూము మందేసి కడిగింది, తలనొప్పి అని వేరే పక్క వేసుకుంది. అది విని నర్సు నవ్వింది. "తువ్వాలుకీ గ్లాసుకీ అంటేది కాదమ్మా ఇది. ఆడా మగా కలిసినప్పుడు ఒకరి లోపలి తడి ఒకరికి తగిలి అంటుతుంది, అంతే. కండోమ్ ఉంటే చాలావరకు ఆగుతుంది. బయటికి ఏమీ కనపడదు కాబట్టి ఇచ్చేవాళ్లకీ తెలీదు, పుచ్చుకునేవాళ్లకీ తెలీదు. నీకిప్పుడు మందిస్తా, తగ్గిపోతుంది, పెద్ద మందేం కాదు. కానీ మీ ఆయన వేసుకోకుండా నువ్వొక్కదానివే వేసుకుంటే, ఇల్లంతా ఊడ్చి చెత్త గుమ్మంలో పెట్టుకున్నట్టే. మళ్లీ నీ మీదకే వస్తుంది. చెబుతావా, నన్ను చెప్పమంటావా?" ఆమె చాలాసేపు చీర కొంగు చివర పోగులు లాగింది. నర్సు తొందరపెట్టలేదు, బయట వరుసలో ఎంతమంది ఉన్నా తొందరపెట్టలేదు. "నేనే చెబుతా" అంది చివరికి.

ఎలా చెప్పింది? ఆమె భర్త బేకరీలో మాస్టరు. తెల్లవారకముందే వెళ్లి మధ్యాహ్నానికి వస్తాడు, వచ్చాడంటే ముందు బ్రెడ్డు వాసన వస్తుంది, తరువాత అతను వస్తాడు. అతను నిద్రలేచి మొహం కడుక్కుని వంటింటి అరుగు మీద కూర్చున్నాక చెప్పింది. చెబుతూంటే తన గొంతు తనకే కొత్తగా వినిపించింది, ఒక్కో మాటా రెండుసార్లు చెబుతోంది. ఉంది. నాకు ఉంది. నువ్వూ చేయించుకోవాలి. చేయించుకోవాలి. పెళ్లికి ముందు ఒకతను ఉండేవాడని అతనికి తెలియదు. చెప్పింది. "ఎవరతను?" అని ఒక్కటే అడిగి, జవాబు విని, చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయాడు. ఆ తరువాత రెండు రోజులు ఇంట్లో మాటలు ఎండిపోయాయి. తలుపు. తాళం. కరెంటు పోయింది. అంతే. అతను ఒక్క మాట తూలలేదు, చెయ్యెత్తలేదు, కానీ ఆ మౌనం కింద కూర్చోవడం కంటే తిట్లు నయమనిపించింది. పుట్టింటికి వెళ్లిపోవాల్సొస్తుందేమోనని బీరువాలో తన చీరలు ఒక పక్కకి సర్దుకుంది కూడా. మూడోరోజు రెండు గంటలు ఆలస్యంగా వచ్చాడు. చేతిలో కాగితం. "నాకూ ఉంది" అన్నాడు. కూర్చున్నాడు. "నేను పని నేర్చుకున్న ఊళ్లో ఒకామె ఉండేది. నీకెప్పుడూ చెప్పలేదు." ఆగి, గడ్డం గోక్కుని, "ఎవరినుంచి ఎవరికి వచ్చిందో చెప్పమని నర్సునడిగాను. అదేం పుట్టుమచ్చ కాదయ్యా వంశం చెప్పడానికి, అంది. రెండు రోజులు నిన్ను బోనులో నిలబెట్టి నేను జడ్జీలా కూర్చున్నాను, నా సంగతి నాకు తెలిసి కూడా" అన్నాడు. ఇంతకాలపు కాపురంలో అతను ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడింది అదే మొదలు. మర్నాడు మేడ మీదికి ఫోను పట్టుకెళ్లి ముప్పావుగంట అటూ ఇటూ తిరిగి, చివరికి ఆ ఊరామెకు ఫోన్ చేసి చెప్పాడు. దిగొచ్చేసరికి చొక్కా వీపంతా చెమట. "నోరు ఎండిపోయింది" అన్నాడు. "ఆవిడెవరో నీకెలా చెప్పగలిగిందే అంతదూరం నుంచి?" అన్నాడు. అప్పుడే మొదటిసారి ఇద్దరూ కలిసి ఆవిడ గురించి మాట్లాడుకున్నారు.

ఏడు రోజులు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, తిన్నాక, నిండు గ్లాసు నీళ్లతో, వేసుకోగానే పడుకోకూడదు, ఎండలో ఎక్కువ తిరగకూడదు, పాలతో కలిపి మింగకూడదు, ఇద్దరి మందూ పూర్తయ్యేదాకా దగ్గర కాకూడదు. దగ్గర కాకూడదన్నాకే దగ్గరయ్యారేమో. సాయంత్రం తిని రెండో మాత్ర వేసుకున్నాడంటే అతనికి కూర్చున్నచోటే కళ్లు మూతలు పడేవి, పడుకుంటే మాత్ర గొంతులో మంట పెడుతుందని నర్సు హెచ్చరించింది. అందుకని షాపులోంచి పాత అక్షరాల చార్టు తెచ్చి తలుపుకి తగిలించి "ఆఖరి వరుస చదువు" అనేది. అతను ఒళ్లు విరుచుకుంటూ చదివేవాడు. "ఇప్పుడు వెనకనుంచి." చదివేవాడు. "ఇప్పుడు ఎడమకన్ను మూసుకుని." "నీ షాపులో ఇంత సతాయిస్తే ఒక్కడూ రాడు" అనేవాడు. అదంతా అత్తగారు తన గదిలోంచి చూస్తూనే ఉండేది. "ఇద్దరికీ ఒకేసారి ఏమొచ్చిందిరా?" అంది మొదటిరోజు. "ఇన్ఫెక్షనమ్మా" అన్నాడు. ఆవిడ కొడుకును చూసింది, కోడలిని చూసింది, మళ్లీ కొడుకును చూసింది. మర్నాటినుంచి మాత్రల వేళకి బల్ల మీద రెండు గ్లాసుల నీళ్లు వచ్చి కూర్చునేవి, మూతలతో సహా. మూడోరోజు వంటింట్లో కోడలు ఏదో చెప్పబోతే, "అడగాల్సినవన్నీ అడుగుతూ, చెప్పాల్సినవన్నీ చెబుతూ పోతే కాపురాలు నిలబడవే పిల్లా. పూట మానకుండా వేసుకోండి, అంతే" అని గిన్నె తోముకోవడంలో పడిపోయింది. ఏం తెలిసిందో ఏం తెలియలేదో ఈ రోజుకీ అంతుపట్టదు. ఆ రెండు గ్లాసుల మీది మూతలు తలచుకుంటే మాత్రం అత్తగారి కాళ్లు పట్టాలనిపిస్తుంది. మూడు నెలలకు మళ్లీ పరీక్ష చేశారు, ఇద్దరికీ లేదు. "మళ్లీ రాదని కాదు, మళ్లీ అంటితే మళ్లీ వస్తుంది, ఇద్దరూ ఒకరికొకరు బుద్ధిగా ఉంటే రాదు" అని నర్సు మందలింపూ దీవెనా కలిపి పంపింది.

బెంచీకి అవతలి చివర ఎవరో చేతికి కట్టు కట్టించుకుని వచ్చి కూర్చున్నారు. ఎన్ని నిమిషాలయిందో. లోపలినుంచి ఫిల్ములు కదిలిన చప్పుడు. రెండూ మూసుకుపోతే? అన్న మాట ఇంతసేపూ దూరంగా కాచుకుని ఉండి ఇప్పుడు వచ్చి పక్కన కూర్చుంది. కొందరికి ఆ జబ్బు చప్పుడు చేయకుండా ట్యూబుల దాకా పాకి మచ్చలు పెడుతుందని లేడీ డాక్టరు దాచకుండా చెప్పింది, మందు జబ్బును పోగొడుతుంది గానీ పడిన మచ్చను చెరపలేదని కూడా చెప్పింది. రెండూ మూసుకుపోతే అప్పుడు ఆవిడను ఎలా తలచుకుంటుంది? ఆలస్యంగా చేసిందనా? తెరిచే ఉంటే దేవతంటుందా? ఫిల్మును బట్టి మారేదయితే అదేం కృతజ్ఞత, బేరం గాని. ఎనిమిది నెలల్లో ఆవిడకు తను ఇచ్చిన జవాబు ఒక్క "ఊఁ". డాక్టరు రాకముందే చేయాలి. వచ్చాక చేస్తే అది వేరే ఫోనవుతుంది. ఫోను తీసి "ఆవిడ" మీద నొక్కింది. నాలుగుసార్లు మోగాక ఎత్తారు, వెనక పసిబిడ్డ రాగం తీస్తోంది.

"ఎవరండీ?"

"నేను కళ్లద్దాల షాపులో పనిచేస్తానండీ. ఎనిమిది నెలల కిందట మీరు ఫోన్ చేశారు."

బిడ్డ ఏడుపు దగ్గరయింది, ఎత్తుకున్నట్టుంది. "చెప్పండి" అంది, అడుగు ఎక్కడ వేయాలో చూసుకునే గొంతుతో.

"పరీక్ష చేయించుకున్నాం. ఇద్దరికీ ఉంది. మందులు వాడాం, పోయింది. ఆ రోజు మీతో ఏమీ అనలేదు నేను. మీరు చాలా మంచి పని చేశారని చెబుదామని."

ఆవిడ గట్టిగా ఊపిరి వదలడం వినిపించింది. "ఆ ఫోను చేశాక పది రోజులు నిద్రపట్టలేదండీ నాకు. మీ ఆయన ఎలాంటివాడో ఏమో, ఏమైనా చేస్తాడేమో, చేతులారా ఒక కాపురం కూల్చానేమోనని. ఈమధ్య నెలల్లో కలిసినవాళ్లకి చెబితే చాలన్నారు క్లినిక్కులో. మీదాకా వెళ్లక్కర్లేదన్నారు. నాకే మనసొప్పలేదు. కడుపుతో ఉండబట్టి నాకు పరీక్షలు చేశారు, బయటపడింది. మీకు ఎవరు చెబుతారు?"

"పాపా, బాబా?"

"పాప. రెండు నెలలు."

"కళ్లు బాగున్నాయా?" తల్లికి మందు పడకపోతే కాన్పులో బిడ్డ కళ్లకు అంటుతుందని ఎక్కడో చదివినప్పటినుంచి, చూడని ఆ బిడ్డ కళ్ల గురించి ఆమెకు బెంగ.

"చింతగింజల్లా ఉన్నాయి. మూస్తే కదా" అంది ఆవిడ, మొదటిసారి నవ్వుతూ. "నాకు కడుపుతో ఉన్నవాళ్లకిచ్చే మందు వేరేది, ఒక్కపూటే మింగించారు. కాన్పుకి ముందు మళ్లీ చూశారు, ఏం లేదు."

"మీరు ఆ రోజు రెండోసారి చేయకపోతే..."

"ఎత్తేదాకా చేసేదాన్ని. బళ్లో కూడా నేనంతే" అంది టీచరు. బిడ్డ మళ్లీ అందుకుంది. "ఉంటానండీ, పాలకి. ఉంటాను."

తను ఎక్కడ కూర్చుని మాట్లాడుతోందో ఆవిడకు చెప్పలేదు. చెప్పకపోవడమే మంచిదయింది. ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, లోపల ఎన్నాళ్లనుంచో బిగించి ఉన్న మర ఏదో ఒక చుట్టు వదులైంది, నొప్పి ఉంది, భయమూ ఉంది, అవి ఉన్నచోటే ఉన్నాయి, వాటి పక్కన ఇంకొక మనిషి కూర్చోవడానికి చోటు దొరికింది. ఆ చోటులోకే అన్నట్టు భర్త వచ్చాడు, ముందు బ్రెడ్డు వాసన, తరువాత అతను, కనుబొమలకి పిండి. "అయిందా? నొప్పుందా?" అని అడిగి జవాబుకి ఆగకుండా ఆమె చేతిసంచీ తీసి తన ఒళ్లో పెట్టుకున్నాడు. అప్పుడే తలుపు తెరుచుకుంది.

పెద్ద డాక్టరు నిజంగానే పెద్దాయన, వెలుగుపలక మీద ఫిల్ము పెట్టి కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని చూశాడు. కుడివైపు రంగుమందు సన్నటి దారంలా పారి చివర పొగలా విచ్చుకుంది. ఎడమవైపు దారం సగంలో ఆగిపోయింది. ఆయన చెప్పకముందే ఆమెకు కనపడింది, తేడాలు పట్టే కన్ను గదా. "కుడిది బాగుంది. ఎడమది మూసుకుంది" అన్నాడు.

"ఆ జబ్బు వల్లేనా సార్?" అన్నాడు భర్త.

"కావచ్చు. ఇంకోటీ కావచ్చు. ఫిల్ము అంతవరకే చెబుతుంది. మందు అప్పుడే పడటం మాత్రం మంచిదయింది, లేకపోతే ఈ కుడిదానికి హామీ ఎవరిస్తారు?"

"ఒకటి చాలుతుందా మరి?"

"జలుబు చేసినప్పుడు ఒక ముక్కుతో ఊపిరి పీల్చడం లేదూ? కాస్త ఓపిక పట్టాలి, అంతే. మీ డాక్టరమ్మకి చూపించండి" అని ఫిల్ము కవరులో పెట్టి ఇచ్చాడు.

మెట్లు దిగి వీధిలోకి వచ్చాక ఆమెకు ఏడుపొచ్చింది. ఎడమదాని కోసం. పేరూ ఊరూ లేకుండా, నొప్పయినా చెప్పకుండా తన లోపలే మూసుకుపోయిన దాని కోసం. అతను ఊరుకోమనలేదు, పక్కన నిలబడి ఎండ ఆమె మీద పడకుండా కవరు అడ్డం పట్టుకున్నాడు. ఏడుపు దానంతటదే తగ్గాక ఇద్దరూ నడిచారు. మందుల షాపు, ఇస్త్రీ కొట్టు, సైకిళ్లు బాగుచేసేవాడు.

"నువ్వు వచ్చేముందు ఆవిడకు ఫోన్ చేశాను" అంది.

ఎవరికని అతను అడగలేదు. "ఏమంది?"

"ఎత్తేదాకా చేసేదాన్నంది."

అతను తనలో తను నవ్వుకున్నాడు. "పురుడైందా?"

"ఆడపిల్ల. రెండు నెలలట. బాగుంది."

రోడ్డు దాటడానికి ఆగారు. ఒక బస్సు పోయింది, దాని వెనక ఇంకొకటి. అతను ఏదో అడగనా వద్దా అని ఆలోచిస్తున్నట్టు కవరు ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

"ఎవరి పోలికట?" అన్నాడు.

"అడగలేదు."

రోడ్డు ఖాళీ అయింది. అతను ఆమె మోచెయ్యి పట్టుకుని, రెండు అడుగులు వేశాక, "తల్లి పోలికే రావాలి" అన్నాడు.